‘గోదాన్’ చదివాక హోరి మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మీకూ అంతేనా?

వానచినుకు
ప్రేమ్‌చంద్ హిందీ నవల ‘గోదాన్’ నిన్న రాత్రి ముగించాను. చదివినవాళ్ళంతా ఏడ్చామనే చెప్పారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. జమీందారు మీద కాదు, అందులోని పేద రైతు హోరి మీద.

తన ఆవుకు విషం పెట్టింది సొంత తమ్ముడు హీరా అని తెలుసు. అయినా కొడుకు తల మీద అబద్ధపు ఒట్టు పెట్టుకుంటాడు. పారిపోయిన ఆ తమ్ముడి ఇల్లు సోదా చేస్తే వంశం పరువు పోతుందని, పోలీసు దరోగాకు లంచం ఇవ్వడానికి అప్పు తెస్తాడు. కొడుకు వదిలేసి పోయిన ఝునియాను ఇంట్లో పెట్టుకున్నందుకు పంచాయతీ 100 రూపాయలు, 30 మన్‌ల ధాన్యం జరిమానా వేస్తే, కళ్ళంలోని గింజలు తానే బుట్టల కెత్తి మోసుకెళ్ళి వాళ్ళ ఇంట్లో పోసి వస్తాడు. జీవితంలో ఒక్కసారి ‘ఇవ్వను’ అనలేడా?

మా ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉన్నారు. అక్క పెళ్ళికి చేసిన అప్పు నాన్న ఇంకా తీరుస్తూనే ఉన్నారు. ‘కాస్త చిన్నగా చేద్దాం’ అని అక్కే అప్పట్లో మొత్తుకుంది. వినలేదు. నా కోపానికి అదే కారణం కావచ్చు. మీలో ఎవరికైనా ఈ నవల చదివాక చుట్టూ ఉన్న మనుషులు వేరుగా కనిపించారా?

పాతపుస్తకం
హోరి పిరికివాడని మాత్రం అనకండి. జమీందారు రాయ్‌సాహెబ్ ఇంట్లో ధనుర్యాగం నాటకం జరిగే ఘట్టం మళ్ళీ చదవండి. ప్రొఫెసర్ మెహతా పఠాను వేషం వేసుకొచ్చి తుపాకి చూపించి బెదిరిస్తుంటే పత్రికాధిపతి, బ్యాంకు నడిపే ఖన్నా, జమీందారు అందరూ బిక్కచచ్చిపోతారు. అది వేషమని తెలియక, నిజం పఠానే అనుకుని మీద పడి పడగొట్టింది ఎవరు? నాటకంలో జనకుడి తోటమాలి వేషం వేసిన హోరి!

తుపాకికి భయపడని మనిషి పురోహితుడు దాతాదీన్ ముందు వణుకుతాడు. ఆ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు మొత్తం సమాజమే అర్థమైంది. బయటివాడిని ఎదిరించడానికి గుండె చాలు. రేపు పొద్దున మన ఇంట చావుకో పెళ్ళికో వచ్చి నిలబడవలసిన మనిషిని ఎదిరించాలంటే ఆ గుండె చాలదు.

తాటిముంజ
అందరూ హోరి గురించే. పాపం ఆ ఆవు! నవల పేరంతా దానిదే, కథ నడవకముందే చచ్చిపోయింది.

పాతపుస్తకం
@తాటిముంజ, చచ్చిపోయినా అప్పు మిగిల్చే పోయింది. 80 రూపాయలకు అరువు మీద తెచ్చిన ఆవు. చివరికి ఆ బాకీ కింద ఆవును ఇచ్చిన భోలా వచ్చి హోరి ఎద్దుల జతను తోలుకుపోతాడు. ఆవు లేదు, ఎద్దులూ లేవు. దుక్కి దున్నే రోజులకు రైతు కాస్తా ఇంకొకరి పొలంలో కూలీ అయ్యాడు.

లెక్కలమాస్టారు
నేను ఆ నవలను పక్కన కాగితం పెట్టుకుని చదివాను. వృత్తి అలవాటు.

ఆ 30 మన్‌లంటే ఇప్పటి తూకంలో దాదాపు పదకొండు క్వింటాళ్ళు. అయిదు బిఘాల చిన్న రైతు కళ్ళం మొత్తం ఊడ్చుకుపోవడానికి అది చాలు.

ఇక దాతాదీన్ అప్పు. ఎద్దు కోసం తీసుకున్నది 30 రూపాయలు. ఎనిమిది తొమ్మిదేళ్ళలో 200 అయిందంటాడు. ఇది మోసమా, లెక్కేనా అని వేసి చూశాను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఏడాదికోసారి అసలులో కలుపుకుంటూ పోతే తొమ్మిదో ఏడు చివరికి 208 వస్తుంది. అంటే ఆయన అంకెలు తప్పు కావు. మన ఊళ్ళలో ఇవాళ్టికీ ‘రెండు రూపాయల వడ్డీయేగా, మనవాడు కాబట్టి ఇచ్చాడు’ అని సంతోషంగా తీసుకునే అప్పు సరిగ్గా అదే. హోరి కొడుకు గోబర్ అడిగినట్టు రూపాయి వడ్డీ, చక్రవడ్డీ లేకుండా కట్టి ఉంటే అదే తొమ్మిదేళ్ళకు 62 రూపాయల చిల్లర.

నా క్లాసులో చక్రవడ్డీ పాఠం వచ్చినప్పుడల్లా ఇప్పుడు హోరి లెక్కే ఇస్తున్నాను. పిల్లలు 208 దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ మొదటినుంచి గుణించుకుంటారు, నమ్మలేక.

గోరువంక
మాస్టారూ, లెక్క బాగుంది కానీ ఆ ఘట్టంలో లెక్క గెలిచింది గోబరే కదా! గోబర్ పెద్దమనిషి మొహం మీదే లెక్క చెప్పి, ఇంత ఇస్తాను తీసుకుంటే తీసుకో అంటాడు. దాతాదీన్ ఏం చేశాడు? గోబర్‌ను వదిలేసి హోరి వైపు తిరిగాడు. బ్రాహ్మణుడి సొమ్ము తిని నువ్వు సుఖంగా ఉండగలవా అన్నాడు. అంతే, హోరి కాళ్ళ మీద పడి ప్రతి పైసా కడతానన్నాడు. కోర్టు, కాగితం, సాక్షి ఏమీ అవసరం లేకపోయింది. హోరి మనసులోనే వసూలు బంట్రోతు కూర్చుని ఉన్నాడు.

మెట్టపొలం
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. హోరి మనసు, హోరి పరువు, హోరి బలహీనత. రైతు అప్పులపాలైతే ముందు అతని గుణం వెతకడం చదువుకున్నవాళ్ళకు అలవాటు.

అయిదు బిఘాలు. శిస్తు. శిస్తు మీద నజరానా, అంటే జమీందారుకు చదివించే కానుక. జ్యేష్ఠంలో వచ్చే దశహరా ఉత్సవానికి 500 రూపాయలు రైతుల దగ్గర పోగుచెయ్యాలని జమీందారు హుకుం. ఊళ్ళో అప్పిచ్చేవాళ్ళు ఒకరిద్దరు కాదు: ఝింగురీసింగ్, పటేశ్వరి, మంగరూ, దులారీ, దాతాదీన్. హోరి రేపటినుంచి పరువు మాట మరిచిపోయి, జరిమానా కట్టనని తెగేసి చెప్పినా ఆ పొలం ఆ కుటుంబానికి తిండి పెట్టదు. నవల వచ్చింది 1936లో. అంతకు కొన్నేళ్ళ ముందే, 1929 తర్వాత, పంట ధరలు కుప్పకూలాయి. శిస్తేమో నగదులో ఖాయమై కూర్చుంది. ధర సగమైతే అదే శిస్తు కట్టడానికి రెట్టింపు గింజలు అమ్మాలి.

నేను కౌలు రైతును. పాస్ పుస్తకం యజమాని పేరు మీద ఉంటుంది, పంట రుణం ఆయనకు వస్తుంది, ఎరువుల అప్పు నాకు వస్తుంది. కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. కార్డు వచ్చినవాళ్ళలో బ్యాంకు గుమ్మం దాటి అప్పు తెచ్చుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. దీనికి నా మొహమాటం కారణం కాదు.

వానచినుకు
మీరన్నది ఒప్పుకుంటాను, కానీ రెండూ వేరువేరుగా ఉంటాయా? శిస్తు హోరి ఆపలేడు. దరోగాకు లంచం అతను ఆపగలిగిందే కదా. ఆపింది అతని భార్య ధనియా.

గోరువంక
ఆ ఘట్టం! నేను పుస్తకం మూసి ఇల్లంతా తిరిగి వచ్చాను. ఊరి పెద్దలందరూ అక్కడే ఉన్నారు, ఆ లంచంలో వాళ్ళకూ వాటా ఉంది. హోరి తువాలు కొంగున మూట కట్టుకున్న డబ్బుతో దరోగా దగ్గరకు నడుస్తున్నాడు. ధనియా ఎదురుగా వచ్చి ఆ కొంగు పట్టుకుని గుంజుతుంది. ముడి గట్టిది కాదు, రూపాయలన్నీ నేల మీద చెల్లాచెదరు. ఎవరినడిగి ఇస్తున్నావని నిలదీస్తుంది. ఇంట్లోవాళ్ళు గుక్కెడు గంజికి మొహం వాచిపోతుంటే ఎవరి పరువు కోసం ఈ దోసిలి డబ్బు అని. ఆమె అరుపుకు దరోగానే దిగివచ్చాడు.

నా పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు ఇంటి శుభకార్యానికి ‘తక్కువ పెడితే బాగుండదు’ అని మా ఆయన బంగారం కుదువబెట్టబోయారు. నాకు ధనియా గుర్తొచ్చింది. అరవలేదు, కానీ గొలుసు మెడలోంచి తీయలేదు. పెట్టగలిగింది పెట్టాం. ఆడపడుచు ఒక పూట ముభావంగా ఉంది. మరుసటి పండక్కి తనే వచ్చింది.

నీలిసిరా
@గోరువంక, కానీ ధనియాను మరీ ఎత్తేయకండి. పెద్ద కూతురు సోనా పెళ్ళి గుర్తు చేసుకోండి. ఇంటివాళ్ళు అప్పు చేయకూడదని సోనా పంతం పట్టి, సిలియా చేత పెళ్ళికొడుకు మథురకు కబురు పంపుతుంది. ఆ అబ్బాయి తండ్రి పెద్ద మనసుతో ‘మాకు కట్నం వద్దు’ అని ఉత్తరం రాయిస్తాడు. అప్పుడు ‘వాళ్ళు వద్దన్నా సరే మన మర్యాద కోసం మనం ఇవ్వాలి’ అని పట్టుబట్టింది ఎవరు? ధనియా! దరోగా ముందు రూపాయలు విసిరేసిన ఆ ధనియానే.

ఆ పుటలు చదివాక నేను మనుషులను ‘ధైర్యవంతులు’, ‘భయస్థులు’ అని రెండు గదుల్లో వేయడం మానేశాను. తిట్టేవాణ్ణి ఎదిరించగలిగిన మనిషిని కూడా మంచితనం లొంగదీస్తుంది. వద్దన్నవాళ్ళ ముందు చిన్నబోకూడదనే పట్టుదల ఉందే, అది దరోగా లాఠీ కంటే గట్టిది.

గోరువంక
ఎత్తేయడం లేదండీ. ఆమె అలా తడబడింది కాబట్టే నాకు ఇంటి మనిషిలా అనిపించింది.

చెరువుగట్టు
నగరం అధ్యాయాలు ఎవరైనా పూర్తిగా చదివారా? మాలతి, మెహతా, ఖన్నా... వేట, విందు, వాదనలు. నేను హోరి ఊరు బేలారీ ఎప్పుడు వస్తుందా అని పుటలు తిప్పేశాను.

తాటిముంజ
నేనూ అంతే. మెహతా నోరు తెరిచినప్పుడల్లా టీ పెట్టుకోవడానికి లేచేవాణ్ణి. ఆ నవల చదివిన వారం చాలా టీ తాగాను.

నీలిసిరా
వాటిని దాటేస్తే రాయ్‌సాహెబ్‌ను దాటేసినట్టే! నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆయన దగ్గరే. చదవనివారి కోసం చెబుతాను. సత్యాగ్రహంలో కౌన్సిల్ సభ్యత్వం వదులుకుని జైలుకు వెళ్ళి వచ్చిన జమీందారు ఆయన. హోరిని దగ్గర కూర్చోబెట్టుకుని చాలాసేపు మనసు విప్పి మాట్లాడతాడు. మా బతుకు పరాన్న బతుకు, ఈ ఆస్తే మా కాలికి సంకెల, మా వర్గం త్వరలో పోతుంది, పోవాలి కూడా అంటాడు. హోరి కరిగిపోతాడు. మనమూ కరిగిపోతాం. అంతలో నౌకరు వచ్చి చెబుతాడు: వెట్టివాళ్ళు తిండి పెట్టనిదే పని చేయమంటున్నారని. రాయ్‌సాహెబ్ నొసలు ముడిపడుతుంది, కళ్ళెర్రబడతాయి, కొరడాతో వాళ్ళ సంగతి తేలుస్తానని లేస్తాడు. ఒకే ఊపిరిలో!

ఆయన నటించడం లేదు. ముందు అన్నదీ మనసులోంచి వచ్చిందే, తర్వాత అన్నదీ మనసులోంచి వచ్చిందే. నేను పనిచేసిన ఒకచోట యజమాని కార్మికుల కష్టం గురించి సభల్లో మాట్లాడుతుంటే వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. మా ఓవర్‌టైము డబ్బు అడిగిన రోజు ఆయన గొంతు మారిపోయింది. ‘గోదాన్’ అప్పటికే చదివి ఉండటంతో నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇప్పుడు ఎవరైనా తమ గురించి ఎంత అందంగా ఆత్మవిమర్శ చేసుకున్నా, నేను వాళ్ళ ఇంట్లో పనిచేసేవాళ్ళకు అన్నం ఎన్నింటికి పెడతారో చూస్తాను.

చెరువుగట్టు
సరే, ఈ లెక్కన మళ్ళీ మొదలుపెడతాను. పత్రికాధిపతి ఓంకార్‌నాథ్ సంగతి కూడా గుర్తొస్తోంది. హోరి జరిమానా వార్త అచ్చువేస్తానని బెదిరించి, జమీందారు నూరు చందాలు కట్టగానే మెత్తబడిపోతాడు.

ఎర్రమట్టి
ఇన్ని పోస్టులయ్యాయి. ఇప్పటిదాకా సిలియా పేరు ఒక్కసారి వచ్చింది, అదీ సోనా కబురు మోసుకెళ్ళిన మనిషిగా.

హోరికి జరిమానా ఎందుకు పడింది? పరకులం అమ్మాయిని, అందులోనూ వితంతువును ఇంట్లో ఉంచుకున్నందుకు. ఆ జరిమానా వేసిన పెద్దల్లో దాతాదీన్ ఒకడు. అదే దాతాదీన్ కొడుకు మాతాదీన్ ఊరు అంటరానివారిగా చూసే చమార్ల పిల్ల సిలియాను ఉంచుకున్నాడు, ఊరందరికీ తెలుసు. అతనికి జరిమానా లేదు. ఎందుకంటే అతను ఆమె చేతి వంట తినడు, నీళ్ళు తాగడు. ఆమె ఒళ్ళు ముట్టుకుంటే పోని మడి ఆమె కుండ ముట్టుకుంటే పోతుంది. ఆ ఊరి ధర్మం ఇదీ!

ఆమె అతని కళ్ళంలో జీతం లేకుండా గొడ్డులా పనిచేస్తుంది. ఒకరోజు దులారీకి తన చిన్న బాకీ కింద ఇన్ని గింజలు కొంగులో పోస్తుంది. మాతాదీన్ వచ్చి అవి తిరిగి పోయిస్తాడు, నా సొమ్ము ఇవ్వడానికి నువ్వెవరు అంటాడు. ఆ రోజే ఆమె తండ్రి హర్ఖూ తన వాళ్ళను వెంటబెట్టుకుని వస్తాడు. మా పిల్లను మీరు బ్రాహ్మణి చేయలేరు, మేము మిమ్మల్ని చమారును చేయగలం అని జంధ్యం తెంచి, నోట్లో ఎముక పెడతారు.

మీరందరూ పరువు ఒక బరువు అంటున్నారు. మా అమ్మమ్మ తరానికి ఆ బరువు మోసే అర్హత కూడా ఇవ్వలేదు. నేను ఆ పుట చదివినప్పుడు ఊపిరి బిగబట్టాను. నవలలో మరెవరూ, గోబర్‌తో సహా, అంత దూరం వెళ్ళలేదు.

పాతపుస్తకం
ఎర్రమట్టి గారూ, ఈ పోస్టు మొదట్లోనే రావలసింది. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. ప్రాయశ్చిత్తాలు, ఖర్చులు అన్నీ అయ్యాక కూడా మాతాదీన్‌ను ఎవరూ దగ్గరకు రానివ్వరు. చివరికి అతనే జంధ్యం తీసేసి సిలియా గుడిసెకు వచ్చేస్తాడు. మీకు ఆ మార్పు నమ్మదగినదిగా అనిపించిందా?

ఎర్రమట్టి
లేదు. అతని పశ్చాత్తాపానికి రచయిత చాలా చోటిచ్చాడు. చనిపోయిన బిడ్డను అతను చేతుల్లో మోసుకుంటూ ఒంటరిగా నదికి వెళ్ళిన చోటు చాలు నాకు. క్షమించాలా వద్దా అన్నది ఆమెకు వదిలేయవలసింది. అయినా 1936లో ఆ ఎముక ఘట్టం రాసినందుకు ఆ కలానికి దండం పెడతాను.

ఉత్తరపుగాలి
మొదటి ప్రశ్నకు వస్తాను: ఎందుకు ఎదురు తిరగరు? నవల నడిచే అవధ్ ప్రాంతంలోనే రైతులు తిరిగారు! ఫిజీలో కూలీగా పనిచేసి వచ్చిన బాబా రామచంద్ర నాయకత్వంలో 1920లో ప్రతాప్‌గఢ్, రాయ్‌బరేలీ, ఫైజాబాద్ జిల్లాల్లో కిసాన్ సభలు లేచాయి. వెట్టి చేయం, నజరానా ఇవ్వం అన్నారు. 1921 జనవరిలో రాయ్‌బరేలీ దగ్గర మున్షీగంజ్‌లో రైతుల మీద కాల్పులు జరిగాయి. ఆ ఒత్తిడికే ప్రభుత్వం అదే ఏడు అవధ్ కౌలు చట్టాన్ని సవరించి, కౌలుదారుకు బతికున్నంతకాలం సాగు హక్కు ఇచ్చింది. శిస్తు బకాయి పడితే మాత్రం బేదఖలు, అంటే పొలం నుంచి వెళ్ళగొట్టడం, తప్పదు. హోరి చివర్లో ఎదుర్కొన్నది అదే.

నా ప్రశ్న ఇది. ఇంత జరిగిన నేల మీద కథ రాస్తూ రైతు సంఘాన్ని ఎందుకు తేలేదు? పట్నంలో చక్కెర మిల్లు సమ్మె ఉంది, ఊళ్ళో ఏమీ లేదు. అందుకే వానచినుకు గారికి హోరి ఒంటరి దద్దమ్మలా కనిపించాడు.

మెట్టపొలం
ఇదిగో, ఇదీ మాట. దద్దమ్మ కాదు, ఒంటరి.

నీలిసిరా
@ఉత్తరపుగాలి, సంఘం లేదు కానీ హోలీ నాటకం ఉంది కదా. గోబర్ పట్నం నుంచి వచ్చి కుర్రకారును పోగేసి ఊరి పెద్దలను వెక్కిరిస్తూ నాటకం వేయిస్తాడు. రైతు పది రూపాయలకు నోటు రాసిస్తే షావుకారు అయిదే చేతిలో పెడతాడు. ఇవి అయిదే కదా అంటే, నజరానాకు ఒకటి, రాతకు ఒకటి, కాగితానికి ఒకటి, దస్తూరీకి ఒకటి, వడ్డీకి ఒకటి. అప్పుడు రైతు ఆ అయిదూ తిరిగి ఇచ్చేస్తాడు: చిన్న దొరసానికి నజరానా ఒకటి, ఆమె తాంబూలానికి ఒకటి, పెద్ద దొరసానికి ఒకటి, ఆమె తాంబూలానికి ఒకటి, మిగిలిన ఒక్కటీ మీ దినకర్మలకు! ఊరు ఊరంతా పడిపడి నవ్వుతుంది. అంతమంది కలిసి నవ్వడమే ఆ ఊళ్ళో మొదటి సభ అని నాకు అనిపిస్తుంది.

మెట్టపొలం
నవ్వితే బాకీ తీరదండీ.

నీలిసిరా
తీరదు. కానీ నిన్నటిదాకా ఎవరికి వారు ‘నా ఖర్మ’ అనుకున్నది అందరి కథా ఒకటేనని ఆ రాత్రి తెలిసింది. దాని విలువ తక్కువా?

పొద్దుతిరుగుడు
పరువే వసూలు చేస్తుందన్న మాట దగ్గర ఆగాను. మా అమ్మ మా వీధిలో సూక్ష్మరుణ బృందానికి లీడరు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కలిసి కట్టాలి. కాబట్టి కంపెనీ మనిషి ఎవరినీ పల్లెత్తు మాట అననక్కర్లేదు. ‘సంతకం పెట్టినవాళ్ళంతా ఇక్కడే ఉండండి, ఆమె వచ్చేదాకా ఎవరూ వెళ్ళకండి’ అంటే చాలు. పనులు మానుకుని కూర్చున్న ఆడవాళ్ళే వెళ్ళి ఆమె తలుపు కొట్టేవాళ్ళు. అమ్మ కూడా వెళ్ళవలసి వచ్చేది. అలా వెళ్ళిన రాత్రి అన్నం తినేది కాదు.

2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఇళ్ళకు వెళ్ళి వసూలు చేయకూడదు, పంచాయతీ కార్యాలయం దగ్గరే కట్టించుకోవాలి, వారం వారం కాదు నెలకోసారి అని పెట్టింది. అప్పు ఎంతన్నది కాక, ఎక్కడ నిలబెట్టి అడుగుతారన్నదాని మీద కూడా చట్టం రావలసి వచ్చిందంటే ఆ గుమ్మం ముందు జరిగేది ఏమిటో ఊహించుకోండి. ఇప్పుడు ఫోనులో అప్పిచ్చేవాళ్ళు మన పరిచయస్తుల నంబర్లన్నీ తీసుకుని వాళ్ళకు సందేశాలు పంపుతున్నారు. బేలారీ పంచాయతీ జేబులోకి వచ్చేసింది.

మెట్టపొలం
పొద్దుతిరుగుడు గారు చెప్పింది విన్నాక నా మాటను కొంచెం పొడిగిస్తాను. అప్పు పుట్టేది ధర దగ్గర, శిస్తు దగ్గర. అది నేను వదలను. పుట్టిన అప్పును ఎవరికి ముందు తీర్చాలి, ఎవరిని ఆగమనాలి అన్నది మాత్రం సిగ్గే తేలుస్తోంది. గట్టిగా అరిచేవాడికి ముందు కట్టి, ఎరువుల కొట్టువాడు మర్యాదస్థుడని ఆపుతాం. పిల్లల ఫీజు ఆపుతాం.

లెక్కలమాస్టారు
వైద్యం కూడా. ధనియాకు ఆరుగురు పిల్లల్లో ముగ్గురే మిగిలారు. మందు ఇప్పించి ఉంటే బతికేవారని ఆమెకు నవల మొదటి పుటల్లోనే అనిపిస్తుంది, ఒక్క దమ్మిడీ మందు కూడా తేలేకపోయింది. ఆ వాక్యం పక్కన నేనేమీ లెక్క వేయలేదు.

గోరువంక
చిన్న కూతురు రూపను దాదాపు తన ఈడు మనిషికి ఇచ్చి, భూమి బేదఖలు కాకుండా ఆ 200 చేతికి తీసుకున్నప్పుడు హోరి తలెత్తలేకపోతాడు. జీవితమంతా పరువు కోసం అప్పు చేసినవాడు, భూమి కోసం చివరికి కూతురి పెళ్ళికి డబ్బు పుచ్చుకున్నాడు. అతన్ని ఓడించింది ఎవరో ఒక్కరైతే పేరు చెప్పేదాన్ని.

వానచినుకు
ఇవన్నీ చదివాక నా కోపం ఎటు పోయిందో సరిగా చెప్పలేను, కానీ హోరి మీద లేదు. ఒక పని గురించి అడగాలి. జమీందారు గుమాస్తా (కారిందా) నోఖేరామ్ ఘట్టం గుర్తుందా? హోరి శిస్తు కట్టేశాడు, రసీదు అడగలేదు. ఆ కారిందా మళ్ళీ రెండేళ్ళ బకాయి ఉందంటాడు. గోబర్ వెళ్ళి కోర్టులో తేల్చుకుందామని గట్టిగా నిలబడితే దారికి వచ్చాడు.

అది చదివిన వెంటనే నాన్నను అడిగాను: అక్క పెళ్ళి అప్పు కడుతున్నారు కదా, రాత ఉందా? ప్రామిసరీ నోటు అప్పిచ్చిన స్నేహితుడి దగ్గరుంది. కట్టినదానికి మా దగ్గర ఒక్క చీటీ లేదు. ‘చిన్నప్పటి స్నేహం, కాగితం అడిగితే ఏమనుకుంటాడు’ అన్నారు. ఏం చేయాలి?

లెక్కలమాస్టారు
నోటు వెనుక ప్రతి చెల్లింపూ తేదీతో చెల్లు రాయించండి. ఫోటో తీసి పెట్టుకోండి. పూర్తిగా తీరిన రోజు అసలు నోటు వెనక్కి తీసుకోండి, అది వాళ్ళ దగ్గర వదలకండి. ఒకటి తెలుసుకోండి: నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు. ఆ గడువు లోపల మీ నాన్నగారు చెల్లు కింద సంతకం పెడితే ఆ తేదీ నుంచి గడువు మళ్ళీ మూడేళ్ళు నడుస్తుంది. ఎగ్గొట్టే ఉద్దేశం లేనివారికి దానితో నష్టం లేదు, కట్టినదానికి రుజువు దొరుకుతుంది.

పొద్దుతిరుగుడు
నాన్నగారికి అడగడం కష్టమైతే ఇకమీదట బ్యాంకు ఖాతా నుంచి పంపండి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు, రాత దానంతటదే ఉంటుంది.

ఎర్రమట్టి
పాతవి వదిలేయకండి. మనసులో ఎంత గుర్తుంటే అంత, నెలలవారీగా ఒక కాగితం మీద వేసి ఇద్దరూ కూర్చుని చూసుకోమనండి. స్నేహితుడైతే అభ్యంతరం పెట్టడు.

మెట్టపొలం
పెడితే, అది స్నేహం కాదని ఇప్పుడే తెలియడం మంచిది.

వానచినుకు
ఈ నెల కిస్తీ ఫోను నుంచి పంపించాం. ఆయన ‘అందింది’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. నాన్న ఆ మాట రెండు మూడుసార్లు చూసుకున్నారు. పాతవాటి జాబితా నాన్న చెబుతుంటే నేను రాశాను. ఆదివారం తీసుకుని వెళతానంటే నాన్న వద్దంటున్నారు, అమ్మ మాత్రం నేనూ వస్తానంది.